ఏడో నెల కాన్పు, మ్యాగ్‌సల్ఫ్ ఇంజెక్షన్, ఐరన్ చుక్కలు – మా పాప సంగతి

నెలలు నిండకుండా కాన్పు చెయ్యాలి అని డాక్టర్ అనగానే ఇంట్లో అందరికీ కాళ్ళూ చేతులూ ఆడవు, ఏం అడగాలో తోచదు. అందుకే నాకు జరిగింది, ఆ తర్వాత ఒక్కో డాక్టర్‌నీ అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. ముఖ్యంగా మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) అనే, బీపీ పెరిగిన గర్భిణీకి ఫిట్స్ రాకుండా చేసే ఇంజెక్షన్ గురించి ప్రతి గర్భిణీ ఇంట్లోనూ తెలిసుండాలి అని నా కోరిక.

మాది పల్నాడు వైపు పల్లెటూరు. ఆరో నెల దాకా ఏ ఇబ్బందీ లేదు, ఏడో నెల వచ్చాక కాళ్ళు వాచాయి, కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలే అన్నారు చుట్టుపక్కలవాళ్ళు, కానీ నాకు ముఖం కూడా ఉబ్బింది, ఉంగరం వేలికి బిగిసిపోయింది, తర్వాత తల పగిలిపోయే నొప్పి, కళ్ళ ముందు మిణుగురులు తిరిగినట్టు. మా ఆశా అక్క ఏదో పని మీద ఇంటికొచ్చి నా మొహం చూసి, ఇంక ఒక్క మాట మాట్లాడనివ్వకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. బీపీ 170/110, యూరిన్‌లో ప్రొటీన్ బాగా పోతోంది. గుర్రపువాతం లక్షణాలమ్మా, ఏ నిమిషమైనా ఫిట్స్ రావచ్చు, గుంటూరు వెళ్ళాలి అంది అక్కడి డాక్టర్ మేడమ్.

ఇక్కడే అసలు విషయం. 108 వచ్చేలోపు ఆవిడ ఊరికే కూర్చోలేదు. బీపీ తగ్గే మాత్ర వేసి, రెండు పిరుదులకీ చెరో ఇంజెక్షన్ లోతుగా చేయించింది, ఒక్కో వైపు 5 గ్రాములు, మొత్తం 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. ఆ నొప్పి చెప్పలేను, కాసేపు కాళ్ళు కదపలేకపోయా. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికని డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్) మొదటి డోసు కూడా అక్కడే ఇచ్చేశారు (అది 12 గంటలకొకటి చొప్పున నాలుగు పడాలి). పెద్దాసుపత్రికి పంపేముందే మ్యాగ్‌సల్ఫ్ మొదటి డోసు ఇచ్చి పంపాలి అని ప్రభుత్వం రూలే ఉంది, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. దారిలో ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకొస్తుంది కదా, అందుకని.

గుంటూరులో డ్రిప్‌లో గంటకో గ్రాము చొప్పున కొనసాగించారు. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, నోరు ఎండిపోవడం, మత్తు, ఏసీ గదిలో కూడా చెమట. సిస్టర్ మాటిమాటికీ వచ్చి చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూసేది, ఊపిరి లెక్కపెట్టేది, యూరిన్ బ్యాగ్‌లో ఎంతుందో రాసుకునేది. ఎందుకు సిస్టర్ ఇన్నిసార్లు అని అడిగితే చెప్పింది, మెగ్నీషియం ఒంట్లో ఎక్కువైతే ముందు మోకాలి కుదుపు పోతుందట, ఇంకా పెరిగితే ఊపిరే ఆగుతుందట, నిమిషానికి 16 కన్నా ఊపిరి తగ్గకూడదు, గంటకి కనీసం 30 ఎంఎల్ యూరిన్ రావాలి, ఎందుకంటే మెగ్నీషియం బయటకి పోయేది కిడ్నీల ద్వారానే. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కన ట్రేలో రెడీగా పెట్టుంచారు. ఒక ఖనిజం ఎక్కువైతే ఇంకో ఖనిజం విరుగుడు, నాకు భలే ఆశ్చర్యమేసింది.

మా ఆయన చీటీ చూసి, ఇది పత్తి ఆకులు ఎర్రబడితే మనం లీటర్ నీళ్ళకి 10 గ్రాములు కలిపి కొట్టేదేగా అన్నాడు. నిజమే, పదార్థం అదే, పాతకాలం వాళ్ళు విరేచనానికి వాడిన భేది ఉప్పు కూడా అదే, నాలుగొందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లో ఎప్సమ్ అనే ఊళ్ళో బయటపడిన చేదు నీళ్ళ నుంచి తీశారు. కానీ ఆసుపత్రిది సూక్ష్మక్రిములు లేకుండా ఇంజెక్షన్ కోసమే తయారుచేసింది, కొట్లో దొరికే పొడికీ దానికీ సంబంధం పెట్టుకోకండి. ధర మాత్రం చాలా తక్కువ, ఇంత పెద్ద పని చేసే మందు ఇంత చవకా అని మా మామయ్యగారు బిల్లు రెండుసార్లు చూసుకున్నారు.

ఫిట్స్ ఆపడానికే అనుకున్నా నేను, పిల్లల డాక్టర్ గారు చెప్పేదాకా రెండో ఉపయోగం తెలీదు. 32 వారాలు నిండకుండా పుట్టే బిడ్డల మెదడు చాలా సున్నితం, లోపల రక్తం కారడం, ఆక్సిజన్ తగ్గడం వల్ల కొన్ని భాగాలు దెబ్బతిని తర్వాత కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. తల్లికి కాన్పుకి ముందు మెగ్నీషియం ఎక్కిస్తే అది మాయ దాటి బిడ్డకి చేరి, అతిగా ఉద్రేకపడే నరాల కణాలని శాంతపరుస్తుంది. 1995లో అమెరికాలో కాలిఫోర్నియాలో పిల్లల రికార్డులు చూస్తే, మెగ్నీషియం పడిన తల్లుల పిల్లల్లో ఈ జబ్బు తక్కువ కనబడిందట, ఆ తర్వాత ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, అమెరికాల్లో పెద్ద ట్రయల్స్ (తల్లులకి మందు ఇచ్చి ఫలితం పోల్చి చూసే పరీక్షలు) చేశారు, 2008లో అమెరికా వాళ్ళ ట్రయల్ ఫలితం వచ్చింది. అన్నీ కలిపి చూస్తే సెరిబ్రల్ పాల్సీ ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గింది. అంటే 60 మందికి పైగా తల్లులకి ఇస్తే ఒక బిడ్డ తప్పించుకుంటుంది. ఆ ఒక్క బిడ్డ మా పాపేనా అంటే ఎవరూ చెప్పలేరు, కానీ చవక మందు, గంటల్లో ఇచ్చేది, ఎందుకు వదులుకోవాలి? ఫిట్స్ విషయంలో అయితే ఇంకా గట్టి రుజువు, 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద చేసిన ట్రయల్‌లో ఫిట్స్ సగానికన్నా ఎక్కువ తగ్గాయి.

డెక్సా డోసులు పూర్తయ్యేదాకా ఎలాగో లాగారు, తర్వాత నా బీపీ ఆగక ఆపరేషన్ చేసి పాపని తీశారు. కేజీ రెండొందలు. పుట్టగానే ఏడ్చింది కాబట్టి బొడ్డు వెంటనే కొయ్యకుండా కాసేపు ఆగారు, ఆ కాసేపట్లో మాయలోంచి వచ్చే రక్తంతో బిడ్డకి ఐరన్ కూడా చేరుతుంది. తర్వాత ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ), ఊపిరికి సాయంగా ముక్కులోకి గాలి పంపే సీపాప్ గొట్టం, ఊపిరి మర్చిపోకుండా కెఫీన్ మందు. అత్తయ్య వాళ్ళ పాత లెక్క ఒకటుంది, ఏడో నెల బిడ్డ బతుకుతుంది ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని. దయచేసి ఎవరూ నమ్మకండి, కడుపులో ఉండే ప్రతి వారం బిడ్డకి లాభమే.

ఆ తర్వాత అంతా ఎముకల లెక్క, రక్తం లెక్క. బిడ్డకి కావాల్సిన కాల్షియంలో దాదాపు 80 శాతం ఆఖరి మూడు నెలల్లోనే తల్లి నుంచి వెళ్తుంది, ఐరన్ కూడా ఎక్కువ భాగం అప్పుడే. ముందే పుట్టేసిన బిడ్డకి ఆ నిల్వ లేదు. నేను పిండిన పాలే గొట్టంతో పట్టారు, పాలు కాస్త పెరిగాక అందులో ఫార్టిఫైయర్ పొడి కలిపేవాళ్ళు, అందులో కాల్షియం, ఫాస్ఫరస్, ప్రొటీన్ ఉంటాయి. లేకపోతే ఎముకలు మెత్తబడి ఊరికే పట్టుకున్నా విరిగే ప్రమాదం ఉంది, అందుకే ఎముకల సంగతి తెలిపే ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్త టెస్టులు చేశారు. విటమిన్ డి రోజుకి 400 యూనిట్లు. ఐరన్ చుక్కలు రెండు వారాలు దాటాక మొదలు, కేజీ బరువుకి 2 నుంచి 4 మిల్లీగ్రాములు, ప్రతిసారీ బరువు చూసి డోసు మార్చేవాళ్ళు.

ఐరన్ దగ్గర తల్లులు జాగ్రత్త. ఒక్కో కంపెనీ సీసాలో బలం వేరు, మందుల షాపులో ఆ బ్రాండ్ లేదని ఇంకోటి ఇస్తే పాత లెక్క ప్రకారం పొయ్యకండి, చీటీ మీద ఎంఎల్ కాదు మిల్లీగ్రాములు ఎన్నో రాయించుకోండి. సీసా పెద్ద పిల్లలకి అందకూడదు, ఎక్కువ తాగితే ప్రాణాంతకం. బిడ్డకి మలం నల్లగా రావడం మాత్రం మామూలే, నేను మొదటిసారి చూసి ఫోన్ చేస్తే సిస్టర్ ధైర్యం చెప్పింది.

మా దూరపు చుట్టం ఒకావిడ ఎముకల బలానికి అని ఏదో భస్మం పొట్లం తెచ్చింది. ప్రేమతోనే తెచ్చింది, కాదనను. డాక్టర్‌కి చూపిస్తే, ఇందులో ఏముందో ఎవరికీ తెలీదు, కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి, ఇంత చిన్న బిడ్డ కిడ్నీలు తట్టుకోలేవు అన్నారు. వస, తేనె, గ్రైప్ వాటర్ కూడా వద్దన్నారు. వద్దన్నవన్నీ మానేసి నేనూ మా ఆయనా వంతులవారీగా పాపని గుండెకి ఆనించుకుని పడుకోబెట్టాం, కంగారూ కేర్. నెల లోపు కంటి రెటీనా చెక్ కూడా చేయించాలి, రెండు కేజీల లోపు పుట్టిన బిడ్డలందరికీ, ఇది ఇంటికొచ్చిన హడావుడిలో చాలామందికి తప్పిపోతుంది.

నా సంగతికొస్తే, కాన్పు అయ్యాక కూడా మ్యాగ్‌సల్ఫ్ ఇంకో 24 గంటలు నడిచింది, ఎందుకంటే ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చు. ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్ళు బీపీ మాత్రలు వాడా, తలనొప్పి వస్తే చాలు మెషిన్ పెట్టి చూసుకునేదాన్ని, ఇప్పుడు మాత్రలు ఆపేశారు కానీ బీపీ అప్పుడప్పుడు చూపించుకుంటూనే ఉండాలి జీవితాంతం అన్నారు.

పాప ఇప్పుడు పాకుతోంది. వయసు లెక్క పుట్టిన తేదీ నుంచి కాదు, పుట్టాల్సిన తేదీ నుంచి చూస్తారు, ఆ లెక్కలో వెనకబడలేదు అని డాక్టర్ రాశారు, కాళ్ళు బిగుసుగా ఉన్నాయా అని ప్రతి చెకప్‌లోనూ చూస్తున్నారు, రెండేళ్ళ దాకా రమ్మన్నారు. మళ్ళీ కడుపు వస్తే 16 వారాల లోపే వచ్చి కనబడు, తక్కువ డోసు ఆస్ప్రిన్ మొదలుపెడదాం అని మేడమ్ ముందే చెప్పి ఉంచింది. మా తోడికోడలికి ఇప్పుడు నాలుగో నెల, ఏఎన్ఎమ్ గారిచ్చిన కాల్షియం మాత్రలు రోజుకి రెండు, 500 మిల్లీగ్రాములవి, అన్నం తిన్నాక వేసుకుంటోంది, ఐరన్ మాత్ర మాత్రం వాటితో కలపకుండా రాత్రి పడుకునేముందు వేసుకోమని చెప్పా, రెండూ ఒకేసారి పడితే ఐరన్ ఒంటికి పట్టదు.