లీలా, లీనా ఒకరేనని తెలిసేసరికి

మొదటిసారి నలభై పేజీల దగ్గరే వదిలేశాను. ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెర్రాంటే నేపుల్స్ నవలలు నాలుగూ కలిపి ఇంగ్లీషులో దాదాపు 1,700 పేజీలు. మొదటిది, 'మై బ్రిలియంట్ ఫ్రెండ్', ఫోన్‌లో మొదలుపెట్టాను. ఒకచోట లీలా, ఒకచోట లీనా, ఇంకోచోట రఫాయెల్లా. ముగ్గురు అమ్మాయిలనుకున్నాను. ఎలెనా, లెనుచ్చా, లెనూ అని మరో ముగ్గురు. ఆరుగురు స్నేహితురాళ్ల కథ కాబోలు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాక మూసేశాను.

కొన్నాళ్లకి సన్నటి పుస్తకంతో మళ్లీ మొదలుపెట్టాను. దొనాతెల్లా ది పియెత్రాంతోనియో రాసిన 'ఎ గర్ల్ రిటర్న్డ్'. ఇటలీలో అబ్రుజ్జో ప్రాంతం, 1975. పదమూడేళ్ల పిల్ల ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో చెప్పులు కుక్కిన సంచి పట్టుకుని మెట్లెక్కుతుంది. ఇన్నాళ్లూ పెంచినవాళ్లు ఆమెని కన్నవాళ్ల దగ్గరికి తిప్పి పంపేశారు. ఎందుకో ఎవరూ చెప్పరు. పెంపకానికి ఇచ్చిన పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇలా వెనక్కి పంపేసిన కథ మాత్రం ఎప్పుడూ వినలేదు. రెండు రాత్రుల్లో అయిపోయింది. ఆ పిల్లకి చివరిదాకా పేరే లేదు, నాకు పేర్ల బాధా లేదు!

తర్వాత దొమెనికో స్తార్నోనే 'టైస్'. ఇటాలియన్‌లో 2014లో వచ్చింది, ఇంగ్లీషు చేసింది ఝుంపా లాహిరి. ఇల్లు వదిలి వెళ్లిపోయిన భర్తకి భార్య రాసిన ఉత్తరంతో మొదలవుతుంది. 'అయ్యా, మీరు మరిచిపోయారేమో, నేను మీ భార్యని' అన్న ధోరణిలో. ఇది నాకు ఎవరూ వివరించక్కర్లేదు. మా అత్తకి బాగా కోపం వస్తే మామయ్యని 'అయ్యగారు' అనేది. ఆ మాట వినపడితే పిల్లలందరం చల్లగా పెరట్లోకి జారుకునేవాళ్లం.

ఆ ధైర్యంతో మళ్లీ ఫెర్రాంటే దగ్గరికి వెళ్లాను. ఈసారి అచ్చు పుస్తకం కొన్నాను. మొదట్లోనే పాత్రల జాబితా ఉంది, ఇంటింటికీ విడివిడిగా. ఫోన్‌లో గబగబా జరిపేసి దాన్ని చూడనే లేదు. ఆ జాబితాలో ఇంటిపేరు పక్కన పని కూడా ఉంది. చెరుల్లో వాళ్లంటే బూట్లు బాగుచేసే ఆయన ఇల్లు, లీలా ఆయన కూతురే. గ్రేకో వాళ్లంటే మున్సిపాలిటీ ఆఫీసు బంట్రోతు ఇల్లు, ఎలెనా ఆయన కూతురు. పెలూజో వాళ్లది వడ్రంగి ఇల్లు. రైల్వేలో పనిచేస్తూ కవిత్వం రాసే ఆయనది సర్రాతోరే కుటుంబం. సొలారా వాళ్లకి బారూ, మిఠాయి కొట్టూ. మా ఊళ్లో మనుషుల్ని చెప్పుకునేదీ ఇలాగే కదా! పాత డైరీ వెనక పేజీల్లో అంతా తెలుగులో రాసుకున్నాను. రఫాయెల్లాని ఊరంతా లీనా అంటుంది, లీలా అనేది కథ చెప్పే ఎలెనా ఒక్కతే. లెనుచ్చా, లెనూ అన్నవీ ఆ ఎలెనా పేర్లే. అది రాసుకోగానే సగం చిక్కు విడిపోయింది.

తప్పులూ చేశాను. సొలారా ఇంట్లో మికేలే అనే పేరుని మిషెల్ అని చదివి, పక్కన 'ఆడపిల్ల' అని రాసుకున్నాను. వాళ్లు అన్నదమ్ములని, కారేసుకుని పేటలో అమ్మాయిల వెంట తిరుగుతుంటారని తెలిశాక కొట్టేశాను. ఇటలీలో ఆంద్రేయా కూడా మగవాడే.

అసలు ఇబ్బంది యాస. పాత్రలు నేపుల్స్ యాసలో మాట్లాడతాయి, కానీ రచయిత్రి ఆ యాసని పెద్దగా రాయదు. 'యాసలో అంది', 'ఇటాలియన్‌లో అంది' అని మాత్రం చెబుతుంది. అనువాదకురాలు ఆన్ గోల్డ్‌స్టీన్ కూడా దాన్ని ఇంగ్లీషులో అలాగే ఉంచింది. మొదట్లో ఆ మాటలు దాటేసేదాన్ని. తర్వాత చూస్తే కోపం, ప్రేమ, సిగ్గు అన్నీ అక్కడే ఉన్నాయి. రెండో పుస్తకంలో ఎలెనా పీసాకి చదువుకోడానికి వెళ్లి తన యాస దాచుకోడానికి తంటాలు పడుతుంది. బొబ్బిలి నుంచి విజయవాడ కాలేజీకి వెళ్లిన మొదటి ఏడాది నేను పడ్డవీ అవే తంటాలు. మెస్‌లో 'ఏటి కూర?' అని అడిగితే బల్ల మొత్తం నవ్వింది. మూడు నెలలు 'ఏమిటి' అనడం సాధన చేశాను.

అప్పటినుంచి 'యాసలో' అన్నచోటల్లా ఆ మాటని మనసులో మా అమ్మ గొంతుతో చదవడం మొదలుపెట్టాను. 'ఏటే, సెప్పవేటే' అన్నట్టు. లీలా ఒక్కసారిగా మా పెద్దమ్మ కూతురైపోయింది.

అన్నీ నచ్చాయని అనను. రెండో పుస్తకంలో ఇస్కియా ద్వీపంలో వేసవి ఎంతకీ అవ్వదు. కొన్ని పేజీలు దాటేశాను. మూడోదాంట్లో లీలా సాసేజ్ ఫ్యాక్టరీలో పనిచేసే భాగం మాత్రం రెండుసార్లు చదివాను.

నాలుగూ పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. రాత్రి ఫోన్లో అమ్మకి కథ చెబుతుండేదాన్ని. అమ్మకి ఒక్క ఇటాలియన్ పేరూ నోరు తిరగలేదు, తిరగక్కర్లేకపోయింది కూడా. 'బూట్లాయన కూతురేటైంది?' అంటుంది, 'బంట్రోతు కూతురికి పెళ్లయిందా?' అంటుంది. మొదటి పుస్తకంలో ఆ పిల్లలిద్దరూ ఒకరి బొమ్మని ఒకరు చీకటి నేలమాళిగలోకి విసిరేసుకుంటారు. అమ్మకి అది పట్టుకుంది.

'ఇంతకీ ఆ బొమ్మలు దొరికాయేటే?'

చెప్పలేదు. ఇంకో పుస్తకం ఉంది, ఆగమన్నాను.