మన్యం సదస్సు, ‘హోదా’ గడి

మా కళాశాల కోనసీమలో కాలువ గట్టు మీద ఉంది. తరగతి గది కిటికీలోంచి చూస్తే కొబ్బరి తోటలూ వరిచేలూ తప్ప ఎత్తుగా కనిపించేది గుడి గోపురం ఒక్కటే. అలాంటి చోట మన్యం చరిత్ర, సాహిత్యం, సంస్కృతులపై రెండు రోజుల సదస్సు జరపాలని తెలుగు శాఖ తరఫున నేను ప్రతిపాదన పెట్టినప్పుడు, “కొండలు లేని చోట కొండల పండగేమిటి మేడం?” అని సహోద్యోగి ఒకరు నవ్వారు. ఆయనకు చెప్పిన జవాబునే ప్రతిపాదనలో మొదటి పేరాగా రాశాను: మన కాళ్ల కింది నేల గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు, ఆ గోదావరి పాపికొండల ఇరుకు దాటాకే మైదానంలో అడుగుపెడుతుంది; మన్యంలో పోరాడిన అల్లూరి సీతారామరాజు కుటుంబానిది భీమవరం దగ్గరి మోగల్లు; మనం ఇల్లు ఊడ్చే కొండచీపురూ, భోజనాలకు వేసే అడ్డాకుల విస్తరీ ఆ కొండల సరుకే.

శాఖ తీర్మానం, ప్రిన్సిపాల్ సంతకం, విశ్వవిద్యాలయం అనుమతి అనుకున్నదానికంటే సులువుగానే వచ్చాయి. తేదీ దగ్గర మాత్రం తప్పు నాదే. 1922లో సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసిన రోజు కదా అని ఆగస్టు 22 ఖాయం చేసి, ఏజెన్సీలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థికి సంబరంగా ఫోన్ చేశాను. “మేడం, ఆగస్టులో గోదారి ఎలా ఉంటుందో లంకల పక్కన ఉన్న మీకు నేను చెప్పాలా?” అన్నాడు. ఇక్కడ మా విద్యార్థులు సగం మంది పడవ దాటి రావాలి. అక్కడ లాంచీలు ఆగిపోతాయి, వాగులు పొంగితే దారులు తెగిపోతాయి. పైగా అది పోడు చేలల్లో కలుపు తీసే కాలం. చరిత్ర పుస్తకం చూసి తేదీ పెట్టానే గాని నదిని చూసి పెట్టలేదు. సదస్సును సంక్రాంతి సెలవుల తరువాతకు జరిపాము.

వక్తల ఎంపికలో ఇంకో చిక్కు తెలిసొచ్చింది. మన్యం గురించి మా గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు చాలావరకు కిందినుంచి కొండెక్కినవారు రాసినవే. పాపికొండల ప్రాంతపు గిరిజన తెగ కొండరెడ్లపై హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథం చాలా విలువైనదే, కాని అది దూరదేశపు పరిశోధకుడి చూపు. ఏజెన్సీ గ్రామం శరభవరంలో పుట్టి, గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడి ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’పై ఒక విద్యార్థిని చేత పత్రం రాయించాను. అయినా వేదికమీద కొండ మనిషి ఒక్కరూ లేరన్న లోటు తీరలేదు. మేము తయారుచేసిన మొదటి కార్యక్రమ పట్టికలో వారికి ఇచ్చిన చోటు సాయంత్రం కొమ్ము నృత్యం మాత్రమే. మా పూర్వ విద్యార్థి ద్వారా ఒక కొండరెడ్డి పెద్దాయనను మాట్లాడమని అడిగితే, “నేనేం చెబుతానమ్మా, ఆటకి మా కుర్రోళ్లని పంపుతాలే” అన్నారు. రెండుసార్లు మాట్లాడాక ఒప్పుకున్నారు.

మొదటి రోజు చరిత్ర అధ్యాపకులొకరు 1879 నాటి రంప తిరుగుబాటును వివరించారు. రంప ప్రాంతంపై పెత్తనం చేసిన మన్సబుదారు కల్లు గీతపై గుంజిన చిగురుపన్ను, కల్లు గీత హక్కును ప్రభుత్వం మైదానపు పాటదారులకు అప్పగించడం, కొండ గ్రామాల పెద్దలైన ముఠాదార్ల ఆగ్రహం, అన్నీ సక్రమంగానే చెప్పారు. వెనక వరుసలో ఒక కుర్రాడు, “కల్లు కోసం అంత యుద్ధమా?” అని పక్కవాడి చెవిలో గొణిగిన మాట హాలంతా వినిపించి నవ్వులు లేచాయి.

మర్నాడు పెద్దాయన మైకును ఒకసారి చేత్తో పక్కకు జరిపి, నిలబడే మాట్లాడారు. “మీకు తాడి ఎలాగో మాకు జీలుగు అలాగ. ఎండాకాలం ఇంట్లో గింజలైపోతాయి. అప్పుడు పొద్దున్న, రేత్రి ఆ కల్లే మాకు గంజి. పిల్లలకీ అదే” అన్నారు. అంతే, ఇంకో మాట కలపలేదు. నిన్నటి పన్ను తాగుడు మీద కాదు, తిండి మీద వేసిందని అప్పుడు అర్థమైంది మా పిల్లలకు. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే. తరువాత మామిడి కొత్త పండుగ గురించి చెప్పారు: ఊరంతా కలిసి దేవతకు పెట్టేదాకా ఎవరూ ఆ ఏటి మామిడికాయ నోట పెట్టరట. “పిందె రాలితే?” అని ఒక అమ్మాయి అడిగింది. “రాల్తే రాల్తాది. తినం” అన్నారాయన.

అసలు తిప్పలు సదస్సు ముగిశాక మొదలయ్యాయి. గౌరవ వేతనం ఓచరులో ‘హోదా’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ‘కొండరెడ్డి పెద్ద’ అని రాసి పంపితే, అది హోదా కాదంటూ లెక్కల విభాగం వెనక్కి పంపి, ఆయన పేరును ‘సాంస్కృతిక ప్రదర్శన’ పద్దులోకి మార్చమంది. వక్తలకు రెండు వేలు, ప్రదర్శకులకు అయిదు వందలు. ఆయన ఆడలేదు, పాడలేదు, మాట్లాడారు. మూడుసార్లు నోట్ పెట్టాను. మూడోసారి అచ్చయిన ఆహ్వాన పత్రిక జతచేసి, రెండవ రోజు మొదటి సమావేశంలో ఆయన పేరు కింద గీత గీసి, హోదా గడిలో ‘వక్త’ అని మాత్రమే రాశాను. అది చెల్లింది. ఇలాంటి సదస్సు తలపెట్టేవారు ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్లకముందే అలాంటి పెద్దల పేర్లు వక్తల వరుసలో ఉన్నాయో లేదో చూసుకోండి. తరువాత సాక్ష్యంగా నిలిచేది ఆ కాగితమే.

డబ్బు ఏప్రిల్‌లో ఖాతాలో పడింది. ఆ మాట చెబుదామని పూర్వ విద్యార్థికి ఫోన్ చేస్తే, పెద్దాయన పక్కనే ఉన్నారని ఇచ్చాడు. డబ్బు సంగతి విని “సరేనమ్మా” అన్నారు. ఏం చేస్తున్నావని అడిగారు. ఆవకాయకి కాయలు తుడుస్తున్నానని చెప్పాను.

“అప్పుడే కోసేశారా?” అన్నారు. “మాకింకా కొత్త కాలేదు.”