విట్బీ అమ్మోనైట్: బయటి చుట్టు తేలింది

రాయిలోంచి చెక్కి తీస్తున్న అమ్మోనైట్ శిలాజం బయటి చుట్టు ఈ వారం పూర్తిగా బయటపడింది. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మా చిన్నాయన కొడుకు యార్క్‌షైర్ తీరంలోని విట్బీ దగ్గర ఏరి తెచ్చిన గుండురాయి ఇది. లోపలున్నది డాక్టిలియోసెరాస్ అనే రకం అమ్మోనైట్, అంటే చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవి. అక్కడి కొండచరియల్లో మెత్తటి నల్ల షేల్‌ను (పొరలుగా విడిపోయే మట్టిరాయిని) అలలు కోసేస్తుంటే, గట్టి గుండ్లు రాలి ఒడ్డున రాళ్లలో కలుస్తాయి. చరియను తవ్వొద్దు, దాని కింద నిలబడొద్దు, ఆటు మొదలయ్యాక వెళ్లి పోటు రాకముందే తిరిగి రావాలని వాడికి గట్టిగా చెప్పి పంపాను.

మన నల్గొండ చుట్టూ ఉన్నది గ్రానైట్. అందులో శిలాజాలుండవు. హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి సముద్రంలో పేరుకున్నదే, కానీ అమ్మోనైట్లు పుట్టకముందు ఎప్పటిదో.

పనికి వాడుతున్నది స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనే. మొన గట్టిది, కార్బైడ్‌ది ఉండాలి. పాత గుడ్డసంచిలో ఇసుక నింపి, రాయిని దాని మీద కుదురుగా పెట్టుకుంటే అదురు తగ్గుతుంది. మొనను నిలువుగా పెట్టకుండా బాగా వాల్చి పట్టాలి. అప్పుడు రాయి గుల్లను వదిలి పెచ్చులుగా లేస్తుంది. మొన గుల్లకు తగిలితే తెల్లటి చుక్క పడుతుంది, అది మళ్లీ పోదు. అందుకే కాసేపు చెక్కడం, తడి టూత్‌బ్రష్‌తో రుద్ది చూడడం. దుమ్ముకు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

నాకు దారి చూపింది గుల్ల మీది గాడులే. ఒక్కో గాడి పక్కన సన్నటి గట్టు లోపలి నుంచి నిటారుగా వచ్చి, చుట్టు బయటి అంచు దగ్గర రెండుగా చీలుతుంది. ఒక గట్టు దొరికితే పక్కది ఎక్కడుంటుందో ముందే తెలిసిపోతుంది. బ్రష్ కింద ఆ చీలిక మొదటిసారి కనబడ్డప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

విట్బీ వాళ్లు ఈ అమ్మోనైట్లను, సెయింట్ హిల్డా అనే క్రైస్తవ సన్యాసిని రాళ్లుగా మార్చిన పాములని చెప్పుకునేవారు. ఊరి చిహ్నంలోనూ మూడున్నాయి. మా నాయనమ్మ పూజలో పెట్టే గండకీ సాలగ్రామంలోని చక్రమూ అమ్మోనైట్‌దే. ఆమెకు ఈ రాయి చూపిస్తే చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని చార్‌మౌత్ నుంచి వచ్చిన చిన్న అమ్మోనైట్ పైరైట్‌ది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజంది. వానాకాలం తేమకు పైరైట్ పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి దాన్ని సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టాను.

ఇక మధ్య చుట్లు మిగిలాయి. అక్కడ గట్లు మరీ సన్నం, మిషను పెట్టను. పిడికి బిగించిన సూదితోనే చేస్తాను.