ఒకే బ్యాండ్ ఉంటే చాలా?

పడుకుందామనే లైట్ తీసేశాను గానీ, పొద్దున ల్యాబ్ మీటింగులో, మేం శుద్ధిచేస్తున్న ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకి సోకే వైరస్) ఎఫ్ ప్రోటీన్ గురించి సార్ అన్న మాట వదలట్లేదు. "జెల్ మీద ఒకే బ్యాండ్ ఉంది కదా, ఇంకేం కావాలి?" అట. అందరూ తలూపారు. అసలు ఎస్‌డీఎస్ జెల్ అంటేనే ప్రోటీన్‌ని వేడిచేసి, మడతలన్నీ విప్పి, సైజును బట్టి గీతలుగా, అంటే బ్యాండ్లుగా విడిపోయేలా పరిగెత్తించడం. వేరే ప్రోటీన్లు కలవలేదని చెబుతుందేమో గానీ, ఉన్నది ఏ ఆకారంలో ఉందో ఎలా చెబుతుంది? అదే అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. ఆ "తర్వాత" వింటేనే ఒళ్లు మండుతుంది.

వైరస్‌ని మన కణంతో కలిపే ఈ ఎఫ్ ప్రోటీన్‌కి ఆకారమే ప్రాణం. వైరస్ మన కణంతో కలవకముందు ఒక రూపం, కలిశాక ఇంకోటి. ఒకసారి మారితే వెనక్కి రాదు. బలమైన యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది మొదటి రూపాన్నే. 1960ల్లో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ని టీకాగా వేస్తే, ఒక ట్రయల్‌లో తర్వాత వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. అదొక్కటే కారణం కాదు గానీ, అలా తయారైన టీకాలో ఎఫ్ ఎక్కువగా రెండో రూపంలో ఉంటుందని చాలా ఏళ్లకి తేలింది. మొదటి రూపాన్ని బిగించి ఉంచే మార్పులు 2013లో దొరికాయి, టీకాలు 2023లో వచ్చాయి.

ల్యాబ్‌లో సీనియర్ అక్క గుర్తొచ్చింది. చేరిన కొత్తలో కోల్డ్ రూమ్‌లో పక్కన నిలబెట్టుకుని ప్రోటీన్‌ని కణం పొరలోంచి కరిగించి తీసే డీడీఎమ్ అనే డిటర్జెంట్ కలపడం నేర్పింది. పొరల ముక్కలతో తెల్లగా, మసగ్గా ఉన్న ద్రవం చూస్తుండగానే తేటపడింది. నేను సంబరపడిపోతుంటే, "కరిగిందంతే. బాగుందని కాదు" అంది. ఆ డిటర్జెంట్ ప్రోటీన్ చుట్టూ ఉన్న లిపిడ్లని, అంటే పొరలోని కొవ్వుల్ని తోసేసి ఆ చోట తను కూర్చుంటుంది. తక్కువైతే ప్రోటీన్లు ముద్దకడతాయి, మరీ ఎక్కువైతే మూడు ఎఫ్‌లు కలిసి ఉండే కట్టు విడిపోవచ్చు. అందుకే ప్రోటీన్‌ని శుద్ధిచేసే కాలమ్‌కి వెళ్లే ప్రతి బఫర్‌లోనూ కొంచెం వేయించేది.

ఎఫ్ రూపం మారితే తప్పంతా డిటర్జెంట్‌దే, ఎస్‌ఎమ్‌ఏ అనే పాలిమర్‌కి మారిపోవాలి అని రాద్దామనే కూర్చున్నాను. అది పొరని లిపిడ్లతో సహా చిన్న బిళ్లలుగా కోసేస్తుంది. కానీ పొరలో గుచ్చుకుని ఉండే ముక్క తీసేసి, డిటర్జెంటే లేకుండా తయారుచేసిన ఎఫ్ కూడా రూపం మార్చుకుంటుంది కదా! నొక్కిపెట్టిన స్ప్రింగు లాంటిది, దానికి సాకు చాలు. పైగా ఎస్‌ఎమ్‌ఏకి మెగ్నీషియం పడదు, మా బఫర్లో ఉన్నదే అది. కాబట్టి డీడీఎమ్‌ని ఇప్పుడే తిట్టను.

రేపు డీ25 యాంటీబాడీతో చూస్తాను, అది మొదటి రూపాన్నే పట్టుకుంటుంది. కాలమ్ దిగగానే కొంత, ఫ్రిజ్‌లో పెట్టి తీశాక కొంత. రెండోదాంట్లో పట్టు తగ్గితే ఆ గ్రాఫే సార్ ముందు పెడతాను.