డిప్లిన్ డెక్‌తో డ్రాగపల్ట్‌ను కొట్టడం: నా అనుభవం

2024 వానాకాలం నాటికి మా హనుమకొండ పోకెమాన్ కార్డుల గ్రూపులో ఎవరితో ఆడటానికి కూర్చున్నా ఎదురుగా మూడే డెక్‌లు: చారిజార్డ్ ఈఎక్స్, డ్రాగపల్ట్ ఈఎక్స్, రేజింగ్ బోల్ట్ ఈఎక్స్. మాది పెద్ద గ్రూపేం కాదు. నిట్‌లో చదివే తమ్ముళ్లు కొందరు, కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో పీజీ చేసేవాళ్లు, బాలసముద్రంలో తన ఇంటి మీది గదిని ఆదివారాలు మాకు వదిలేసే ఒక అన్న, నేను. అయినా పెద్ద టోర్నమెంట్లలో ఏవి గెలుస్తుంటే అవే ఇక్కడికీ వచ్చేవి. ఒకరు చారిజార్డ్ కట్టగానే రెండో వారానికి ఇంకొకరు కట్టేవారు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డెక్‌లో 60 కార్డులు ఉంటాయి. ఆట మొదట్లో ఆరు కార్డులు ప్రైజులుగా పక్కన బోర్లా పెడతాం. ఎదుటివాడి పోకెమాన్‌ను నాకౌట్ చేసినప్పుడల్లా ఒక ప్రైజ్ తీసుకుంటాం, ముందు ఆరూ తీసుకున్నవాడిదే ఆట. పేరు చివర ఈఎక్స్ అని ఉన్న బలమైన పోకెమాన్ పడితే రెండు ప్రైజులు. ముందు నిలబడి కొట్టేది యాక్టివ్, వెనక ఐదు దాకా బెంచ్ మీద కూర్చుంటాయి.

ఈ లెక్కే నన్ను డిప్లిన్ వైపు లాగింది. డిప్లిన్ మామూలు పోకెమాన్, పడితే ఒక్క ప్రైజే పోతుంది. నేను మూడు ఈఎక్స్‌లను పడగొడితే ఆట అయిపోతుంది, వాళ్లు మాత్రం ఆరింటిని పడగొట్టాలి. పైగా ఖరీదైన కార్డు ఒక్కటీ అక్కర్లేదు. డిప్లిన్ దెబ్బకు ఒక్క గ్రాస్ ఎనర్జీ (కొట్టడానికి ఇంధనం లాంటి కార్డు) చాలు, నా బెంచ్ మీద ఎన్ని ఉంటే అన్ని ఇరవైల డ్యామేజ్. ఐదు నిండితే 100. ఫెస్టివల్ గ్రౌండ్స్ అనే స్టేడియం కార్డు (ఇవి బల్ల మీద ఒకసారికి ఒక్కటే ఉంటాయి, కొత్తది వేస్తే పాతది పోతుంది) బల్ల మీద ఉంటే అదే దెబ్బ రెండుసార్లు కొట్టొచ్చు. దీనికి తోడు త్వాకీ అనే ఇంకో పోకెమాన్. డిప్లిన్ ముందు నిలబడి ఉంటే బెంచ్ మీది ప్రతి త్వాకీ టర్న్‌కొకసారి డెక్‌లోంచి కావాల్సిన కార్డును తెచ్చి చేతిలో పెడుతుంది. ఏ కార్డయినా సరే. ఈ ఆటలో ఇంతకంటే గొప్ప సాయం ఏముంటుందో నాకైతే తెలీదు.

చారిజార్డ్‌తో లెక్క త్వరగా తేలింది. ఆ చారిజార్డ్‌కు గ్రాస్ వీక్‌నెస్, అంటే నా దెబ్బ రెట్టింపు. 100 కాస్తా 200, రెండుసార్లు కొడితే 400. దాని ప్రాణం 330. అయితే బెంచ్ మీద నాలుగే ఉన్నప్పుడు 80 రెట్టింపై 160, రెండు దెబ్బలకు 320. పది మిగిలిపోతుంది! ఆ పదితో బతికిన చారిజార్డ్ తర్వాతి టర్న్‌లో ఊరుకోదు. మా దగ్గర చారిజార్డ్ ఆడే తమ్ముడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కొలాప్స్‌డ్ స్టేడియం అనే స్టేడియం కార్డు పెట్టుకున్నాడు. అది దిగితే బెంచ్ నాలుగుకు కుదించుకోవాల్సిందే. నేను నా టర్న్‌లో ఫెస్టివల్ గ్రౌండ్స్ వేసి దాన్ని తీసేసినా, ఐదో పోకెమాన్‌ను అప్పటికప్పుడు దించితేనే 400 వస్తుంది. అప్పటినుంచి చారిజార్డ్ ఎదురుగా ఉంటే చేతిలో ఒక యాప్లిన్‌నో (డిప్లిన్‌గా ఎదిగే చిన్న పోకెమాన్), చిన్న పోకెమాన్‌లను బెంచ్‌కు తెచ్చే పాఫిన్‌నో దాచుకోవడం మొదలుపెట్టాను. ఫెస్టివల్ గ్రౌండ్స్ నాలుగూ డెక్‌లో ఉండాల్సిందే, ఇందులో బేరం లేదు.

అసలు టెన్షన్ డ్రాగపల్ట్‌తో. దానికి వీక్‌నెస్ లేదు, ప్రాణం 320. ఫాంటమ్ డైవ్ అనే దెబ్బ ముందున్నదానికి 200 కొడుతుంది, పైగా ఆరు డ్యామేజ్ కౌంటర్లను, అంటే 60ని, నా బెంచ్ మీద ఇష్టమొచ్చినట్టు పంచుతుంది. నా యాప్లిన్‌కు 60 ప్రాణం కూడా లేదు. దెబ్బకు ముందున్న డిప్లిన్ పోతుంది, వెనకున్న యాప్లిన్ పోతుంది, వాళ్లకు రెండు ప్రైజులు. ఒక్క ప్రైజ్ పోకెమాన్‌లతో ఆడుతున్నానన్న నా బలమంతా అక్కడితో సున్నా. మూడు దెబ్బలకు ఆట ముగిసేది.

గ్రూపులో అందరూ ఇచ్చిన సలహా మనాఫీ అనే పోకెమాన్. "బెంచ్ మీద మనాఫీని కూర్చోబెట్టు, ఏం కాదు" అని. కార్డు మీది రాతను నిదానంగా చదివితే అది సరిపోదని తెలుస్తుంది. మనాఫీ ఆపేది దెబ్బ వల్ల బెంచ్‌కు తగిలే డ్యామేజ్‌ను. ఫాంటమ్ డైవ్ బెంచ్‌ను కొట్టదు, కౌంటర్లు పెడుతుంది. రూల్స్‌లో రెండూ వేరు. డ్యామేజ్‌తో పాటు ఎదుటివాడి దెబ్బల ఎఫెక్ట్‌లు కూడా బెంచ్‌కు తగలకుండా ఆపే కార్డు కావాలి. అదే రాబ్‌స్కా. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అన్న డబ్బా అడుగున ఎక్కడో ఉన్నదాన్ని వెతికి తీసి ఇచ్చాడు, వారం తర్వాత దాన్ని చూసి తనే తల పట్టుకున్నాడు.

రాబ్‌స్కా దిగాక ఫాంటమ్ డైవ్ టర్న్‌కు ఒక్క ప్రైజే తెస్తుంది. బాస్ కార్డుతో (ఎదుటివాడి బెంచ్ మీదిదాన్ని ముందుకు లాగేది) రాబ్‌స్కానే ముందుకు లాగి కొట్టినా ఆ దెబ్బలో బెంచ్ మీద కౌంటర్లు పడవు, ఎందుకంటే దెబ్బ పూర్తయ్యేదాకా అది బల్ల మీదే ఉంటుంది. చిక్కల్లా సమయంతోనే. ముందు రెల్లర్‌ను దించాలి, తర్వాతి టర్న్‌లో అది రాబ్‌స్కా అవుతుంది. మధ్య దశను దాటించే రేర్ క్యాండీ కార్డు దొరికితే డ్రాగపల్ట్ తన రెండో టర్న్‌కే కొట్టగలదు. నేను ముందు ఆడితే నా రెండో టర్న్ దానికంటే ముందే వస్తుంది, రాబ్‌స్కా లేచి కూర్చుంటుంది. రెండో వాడిగా ఆడితే రెల్లర్ పసిగుడ్డుగా ఉండగానే 60 పడిపోతుంది. అందుకే టాస్ గెలిచినప్పుడు నేను మొదట ఆడటమే ఎంచుకుంటాను. ముందు ఆడేవాడికి మొదటి టర్న్‌లో సపోర్టర్ (టర్న్‌కు ఒక్కటే వేయగలిగే సాయం కార్డు) వేయడం, దాడి చేయడం కుదరవు. ఆ నష్టం తెలిసీ అదే చేస్తాను.

ఇక కొట్టడం సంగతి. 100 చొప్పున రెండు దెబ్బలు 200, డ్రాగపల్ట్‌కు ఇంకా 120 మిగులుతుంది. కీరన్ అనే సపోర్టర్ ఆ టర్న్‌కు ఎదుటి ఈఎక్స్ మీద ప్రతి దెబ్బకూ 30 కలుపుతుంది. డిఫయన్స్ బ్యాండ్ అనే టూల్ (పోకెమాన్‌కు తగిలించే కార్డు), మనం ప్రైజుల్లో వెనకబడి ఉంటే, ఇంకో 30 కలుపుతుంది. 100, 30, 30 కలిపితే 160. రెండు దెబ్బలకు సరిగ్గా 320. కాగితం మీద ఈ కూడిక వేసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. బెంచ్ మీద రెండు త్వాకీలు ఉంటే ఒకటి కీరన్‌ను, ఇంకొకటి బ్యాండ్‌ను తెచ్చిపెడతాయి. అంటే ఇది అదృష్టం మీద ఆధారపడే పని కాదు, అనుకున్న టర్న్‌లో చేయగలిగే పని. ప్రైజుల్లో ముందున్నప్పుడు బ్యాండ్ పనిచేయదు, అప్పటికి ఏస్ స్పెక్‌గా, అంటే డెక్‌లో ఒక్కటే పెట్టుకోగల ప్రత్యేక కార్డుగా, మ్యాగ్జిమమ్ బెల్ట్ పెట్టుకున్నాను. ఈఎక్స్ మీద 50 కలుపుతుంది, కీరన్‌తో కలిపితే రెండు దెబ్బలకు 360.

వీటికి చోటు చేయడానికి ఒక ప్రొఫెసర్స్ రీసెర్చ్, స్విచ్, నెస్ట్ బాల్ కార్డులు తీసేశాను. రెల్లర్‌లు రెండు పెట్టాను. 60లో ఆరు ప్రైజుల్లోకి పోతాయి కాబట్టి ఏ కార్డయినా ఒక్కటే ఉంటే పదింట ఒకసారి అక్కడ ఇరుక్కుంటుంది. రాబ్‌స్కాకు మాత్రం ఒక్క చోటే ఇవ్వగలిగాను. కొనేముందు కొత్త కార్డులన్నిటికీ కేయూ క్రాస్ రోడ్డు దగ్గర జిరాక్స్ తీయించి, పాత కార్డుల మీద పెట్టి స్లీవ్‌లోకి దోపి ఆడేవాళ్లం. టోర్నమెంట్లో ఇవి చెల్లవు గానీ, డబ్బు పెట్టేముందు డెక్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఫోన్‌లో ఇదే ఆట ఆడే టీసీజీ లైవ్ యాప్ కూడా ఉంది, అయితే ఎదురుగా మనిషి కూర్చుని "అదెందుకు తీసినవ్?" అని అడిగితే వచ్చే ఆలోచన ఫోన్‌లో రాదు.

రేజింగ్ బోల్ట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. దాని ప్రాణం 240. కీరన్ ఒక్కటి చాలు, రెండు దెబ్బలకు 260 వస్తుంది. ఎనర్జీలు పారేసి అది నా డిప్లిన్‌ను కొట్టిన ప్రతిసారీ దానికి దక్కేది ఒక్క ప్రైజే.

దసరా సెలవుల్లో మేం కొందరం కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్‌లో ఒక చిన్న టోర్నమెంట్‌కు వెళ్లాం. అక్కడ డ్రాగపల్ట్ ఆడే కుర్రాడు ఎదురయ్యాడు. నా బెంచ్ చూసి, "గిదేంది అన్నా, ఒక్క ఈఎక్స్ గూడ లేదు?" అన్నాడు. అతను డిప్లిన్‌ను పడగొట్టి మొదటి ప్రైజ్ తీసుకున్నాడు, కౌంటర్లు బెంచ్ మీద పెట్టబోయాడు. నేను రాబ్‌స్కా మీద వేలు పెట్టి చూపించాను. కార్డు చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాడు. నా టర్న్‌లో ఒక త్వాకీ కీరన్‌ను తెచ్చింది, ఇంకోటి బ్యాండ్‌ను. మొదటి దెబ్బ 160, రెండో దెబ్బ 160. అతను కౌంటర్లు పేర్చుకుంటూ పోయి చివరిదాకా లెక్కపెట్టుకున్నాడు, 320 దగ్గర ఆగాడు. "పాయె" అని డ్రాగపల్ట్‌ను డిస్కార్డ్‌లో పెట్టాడు.

అన్నీ అలా జరగలేదు. కార్నర్‌స్టోన్ మాస్క్ ఓగర్‌పాన్ అనే పోకెమాన్ పెట్టుకున్న ఒకాయన చేతిలో ఓడాను. ఎబిలిటీ (దెబ్బ కాకుండా కార్డుకు ఉండే ప్రత్యేక శక్తి) ఉన్న పోకెమాన్ ఎంత కొట్టినా దానికి డ్యామేజ్ తగలదు, నా డిప్లిన్‌కు రెండు దెబ్బల బలం ఇచ్చేదే ఎబిలిటీ. బాస్ కార్డుతో వెనకున్నదాన్ని లాగి మొదటి దెబ్బకు పడగొడితే, రెండో దెబ్బకు ఆయన ఓగర్‌పాన్‌ను ముందు నిలబెట్టేవాడు. దాని కోసం డెక్ మార్చాలని నాకు అనిపించలేదు. అరుదుగా వచ్చేదానికి చోటిస్తే రోజూ వచ్చే డ్రాగపల్ట్‌కు చోటు తగ్గుతుంది.

2025 ఏప్రిల్ రొటేషన్‌తో, అంటే పాత కార్డులను పక్కన పెట్టే మార్పుతో, కొలాప్స్‌డ్ స్టేడియం స్టాండర్డ్ (మామూలు టోర్నమెంట్ల పద్ధతి) నుంచి పోయింది, చారిజార్డ్‌తో పని ఇంకా తేలికైంది. డ్రాగపల్ట్ మాత్రం డస్క్‌నాయర్ అనే పోకెమాన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. డస్క్‌నాయర్ తనను తాను నాకౌట్ చేసుకుని 13 కౌంటర్లు పెడుతుంది. అది దెబ్బ కాదు, ఎబిలిటీ. రాబ్‌స్కా ఆపలేదు. దీనికి నేను పట్టుకున్న దారి మొదట్లోనే కొట్టడం. డస్క్‌నాయర్, డ్రాగపల్ట్‌లుగా ఎదిగే చిన్నవి డస్కల్, డ్రీపీ, డ్రాక్‌లోక్, వీటిలో దేని ప్రాణమూ 100 దాకా రాదు. బాస్ కార్డుతో డస్కల్‌ను లాగి మొదటి దెబ్బకు పడేస్తే, తర్వాత ముందుకొచ్చే డ్రీపీకి రెండో దెబ్బ. ఒక్క టర్న్‌లో రెండు ప్రైజులు, వాళ్ల డస్క్‌నాయర్ ఇంకా పుట్టనే లేదు. టర్న్‌కు ఒకే సపోర్టర్ కాబట్టి ఆ టర్న్‌లో కీరన్ ఉండదు, చిన్నవాటికి అవసరమూ లేదు. ఇప్పుడు నా డెక్‌లో బాస్ కార్డులు మూడు ఉన్నాయి. నాలుగోదాని కోసం ఒక కీరన్‌ను తీసి ఈ ఆదివారం ఆడి చూస్తాను.