గ్రీన్‌కార్డు చేతిలో, కాపురం ఇండియాలో

గ్రీన్‌కార్డు మీద పదేళ్ల గడువు అచ్చేసి ఉంటుంది. కంపెనీ రెండేళ్లకి హైదరాబాద్ ఆఫీసుకి పంపినప్పుడో, ఇంట్లో పెద్దవాళ్లని చూసుకోవడానికి మూటాముల్లె సర్దుకుని వెళ్లాల్సి వచ్చినప్పుడో చాలామంది ఆ తేదీని చూసుకునే ధైర్యంగా విమానం ఎక్కుతారు. ఆ గడువు కార్డుకి మాత్రమే. శాశ్వత నివాస హోదా నిలబడేది అమెరికాయే మీ ఇల్లు అన్న మాట మీద. పైగా దేశం బయట గడిపిన రోజుల్ని అక్కడి ప్రభుత్వం మూడు చోట్ల మూడు రకాలుగా లెక్కేస్తుంది: తిరిగి అడుగుపెట్టడానికి ఒకటి, పౌరసత్వానికి ఒకటి, ఆదాయపన్నుకి ఒకటి. ఒకటి సరిపోతే మిగతా రెండూ సరిపోయినట్టేనని అనుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

ముందు తిరిగి వెళ్లే సంగతి. బయట 180 రోజుల్లోపు ఉండి వస్తే, మామూలుగా చట్టం మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిగా చూడదు. 180 దాటితే చూడొచ్చు, అంటే అధికారికి ప్రశ్నలడిగే వీలు పెరుగుతుంది. ఏడాది నిండితే ఆ కార్డు ఒక్కటే ప్రయాణ పత్రంగా చెల్లదు, విమాన సంస్థే ఎక్కించుకోకపోవచ్చు. ఈ అంకెలు తెలిసినవాళ్లు సాధారణంగా వేసే ఎత్తు ఒకటుంది: అయిదున్నర నెలలకోసారి వెళ్లి, రెండు వారాలుండి, మళ్లీ ఇండియా వచ్చేయడం. అది ఒకటి రెండుసార్లు నడుస్తుంది. విమాన సంస్థల నుంచి రాకపోకల వివరాలు సరిహద్దు అధికారులకు చేరుతూనే ఉంటాయి కాబట్టి మూడేళ్ల చరిత్ర వాళ్ల తెరమీద ఒకేసారి కనిపిస్తుంది. 1975లోనే ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక కేసులో దీన్ని తేల్చింది. ఏటా పదకొండు నెలలు స్వదేశంలో ఉంటూ అమెరికాకి కొద్దికాలమే వస్తున్న ఒక మహిళ నివాసం అమెరికాలో లేదని చెప్పింది. ఎందుకు వెళ్లారు, ఎప్పటికి తిరిగిరావాలనుకున్నారు, ఇల్లూ ఉద్యోగమూ ఎక్కడున్నాయి: ఈ మూడింటినీ ఆ తీర్పు కొలమానంగా పెట్టింది. ఇప్పటికీ చూసేవి అవే. ఆరు నెలలనేది రక్షణ కవచం అనుకోకండి.

ఏడాదికి పైగా ఉండాల్సొస్తుందని ముందే తెలిస్తే తిరిగి ప్రవేశించడానికి అనుమతి పత్రమైన రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. దరఖాస్తు ఫారం ఐ-131. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, ఇండియా చేరాక దరఖాస్తు పంపడం. దరఖాస్తు అందేనాటికి మీరు అమెరికా గడ్డమీద ఉండాలి, లేదంటే తిరస్కరిస్తారు. ప్రయాణానికి కనీసం 60 రోజుల ముందు పంపమని అమెరికా వలస విభాగం యూఎస్‌సీఐఎస్ చెబుతుంది. ఎందుకంటే ఆ తర్వాత వేలిముద్రలకి పిలుపొస్తుంది, ఆ పని అమెరికాలోనే జరగాలి. వేలిముద్రలు ఇచ్చేశాక వెళ్లిపోవచ్చు, పర్మిట్ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. దాన్ని ఇండియాలోని అమెరికా కాన్సులేట్‌కి పంపమని ఫారంలోనే కోరవచ్చు. వేలిముద్రల ముందే టికెట్ కొనేసుకుని వెళ్లిపోయి, పిలుపొచ్చాక లక్షన్నర పెట్టి వెనక్కి తిరిగినవాళ్లు ఉంటారు. అపాయింట్‌మెంట్ తేదీ వచ్చాకే టికెట్ తీయడం చవక.

పాస్‌పోర్ట్ లాంటి చిన్న పుస్తకంలా ఉండే ఈ పర్మిట్ రెండేళ్లు చెల్లుతుంది. ఆ రెండేళ్లు ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతాయి, మీరు బయల్దేరిన రోజు నుంచి కాదు. పొడిగింపు ఉండదు. కావాలంటే మళ్లీ అమెరికా వెళ్లి కొత్త దరఖాస్తు పెట్టాల్సిందే. శాశ్వత నివాసి అయ్యాక గత అయిదేళ్లలో నాలుగేళ్లకి మించి బయటే గడిపి ఉంటే, తర్వాతి పర్మిట్ సాధారణంగా ఏడాదికే ఇస్తారు. పర్మిట్ చేతిలో ఉందని నివాసం ఉన్నట్టు కాదు. ఎక్కువకాలం బయట ఉన్నారన్న ఒక్క కారణంతో మీ హోదా వదులుకున్నారని అనకుండా అది కాపాడుతుంది, అంతే. ఇల్లు అమ్మేసి, బ్యాంకు ఖాతాలు మూసేసి, పన్ను రిటర్న్ వేయకుండా ఉంటే ఆ పుస్తకం ఎంత కొత్తదైనా నిలబెట్టదు.

కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు చేతిలో ఉండాల్సినవి సూట్‌కేసులో వేయకండి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. గత రెండు మూడేళ్ల పన్ను రిటర్న్‌ల ట్రాన్స్‌క్రిప్టులు, నడుస్తున్న బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి కాగితాలో అద్దె ఒప్పందమో, కంపెనీ పంపితే ఎంతకాలానికి పంపిందో స్పష్టంగా రాసిన లేఖ. ఆస్పత్రి కారణమైతే చేరిన తేదీ, చికిత్స ముగిసిన తేదీ ఉన్న కాగితాలు ఇంగ్లీషులో. ఈ కాగితాల్లో ముఖ్యంగా కనిపించాల్సింది ఆ పనికి ఒక ముగింపు ఉందన్న సంగతి. అమ్మానాన్నల్ని చూసుకోవడానికి అని మాత్రమే చెబితే దానికి చివర లేదు. ఫలానా శస్త్రచికిత్స, ఆ తర్వాత మూడు నెలల కోలుకోవడం అంటే ఉంది.

విమానాశ్రయంలో పక్కగదికి పిలిచి, హోదా పోయిందని చెప్పి ఐ-407 అనే ఫారం ముందుపెట్టే సందర్భాలున్నాయి. అది స్వచ్ఛందంగా హోదా వదులుకునే ఫారం. ఇరవై గంటల ప్రయాణం చేసొచ్చిన పెద్దవాళ్లు, భాష సరిగా అర్థంకాక, దానిమీద సంతకం పెట్టేస్తారు. పెట్టకండి. బలవంతంగా పెట్టించే అధికారం ఎవరికీ లేదు. ఒప్పుకోనని, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని మర్యాదగా చెప్పొచ్చు. అప్పుడు కోర్టుకి రమ్మని నోటీసు ఇస్తారు. తుది తీర్పు వచ్చేదాకా మీరు శాశ్వత నివాసే. కార్డు తీసుకుంటే దానికి బదులు హోదాని చూపే ఆధారం ఇవ్వమని అడగాలి. హోదా వదులుకున్నారని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదే. అమెరికాకి వంటరిగా వచ్చే అమ్మానాన్నలకి ఈ ఒక్క ముక్కా తెలుగులో కాగితంమీద రాసి బ్యాగులో పెట్టండి.

పర్మిట్ లేకుండా ఏడాది దాటిపోతే మిగిలే దారి ఎస్‌బీ-1, అంటే తిరిగొచ్చే నివాసి వీసా. కాన్సులేట్‌లో డీఎస్-117 ఫారం, 180 డాలర్ల రుసుము, ఇంటర్వ్యూ. బయల్దేరేనాటికే తిరిగి వచ్చే ఉద్దేశం ఉందని, ఆగిపోవడానికి కారణం మీ చేతిలో లేదని చూపాలి. ఐసీయూలో చేరారంటే కారణమే. ఇండియాలో మంచి ఉద్యోగం దొరికిందంటే కాదు. ఒప్పుకున్నాక కూడా వైద్యపరీక్ష, వలస వీసా రుసుము మళ్లీ ఉంటాయి. ఇది సులభమైన దారి కాదు, దీన్ని నమ్ముకుని ఏడాది దాటనివ్వకండి. కార్డు పోగొట్టుకున్నవాళ్ల సంగతి వేరు: వెళ్లి ఏడాది కాకపోతే ఐ-131ఏ దరఖాస్తుతో కాన్సులేట్‌లో విమానం ఎక్కడానికి అనుమతి దొరుకుతుంది.

పుట్టింటికి కాన్పుకి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది, దీన్ని చాలా కుటుంబాలు తెలియకే పోగొట్టుకుంటున్నాయి. శాశ్వత నివాసి అయిన తల్లి తాత్కాలికంగా బయట ఉన్నప్పుడు పుట్టిన బిడ్డకి వలస వీసా అక్కర్లేదు. రెండేళ్లు నిండకముందే, కాన్పు తర్వాత తల్లి లేదా తండ్రి మొదటిసారి అమెరికా తిరిగి వెళ్తున్నప్పుడు ఆ ప్రయాణంలోనే బిడ్డనీ తీసుకెళ్తే అక్కడే శాశ్వత నివాసిగా చేర్చుకుంటారు. బిడ్డ పాస్‌పోర్ట్, తల్లి పేరున్న జనన ధ్రువపత్రం, తల్లి కార్డు చూపాలి. తోడు వచ్చే తల్లి లేదా తండ్రి కూడా శాశ్వత నివాసిగా ప్రవేశించగలిగి ఉండాలి. ఇక్కడ దెబ్బ ఎలా తగులుతుందంటే, బిడ్డని అమ్మమ్మ దగ్గర వదిలి తల్లి ఒకసారి ఉద్యోగానికి వెళ్లొస్తుంది, తర్వాత బిడ్డని తీసుకెళ్దామనుకుంటుంది. ఆమె విషయంలో మొదటి ప్రయాణం అయిపోయింది. తండ్రి ద్వారా కూడా ఆ వీలు లేకపోతే ఇక పిటిషన్ వేసి ఏళ్లు ఎదురుచూడాలి. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందూ వెనకా అయినా కౌంటర్ దగ్గర ఆగిపోవచ్చు. మున్సిపాలిటీలో నమోదు చేయించేటప్పుడే సరిచూసుకోండి.

పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డు వచ్చి, అప్పటికి పెళ్లై రెండేళ్లు కాకపోతే చేతికొచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. గడువుకి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి, షరతులు తీసేయమని కోరే ఐ-751 వేయాలి. ఇండియాలో ఉన్నా వేయొచ్చు, కానీ వేలిముద్రలకి, పిలిస్తే ఇంటర్వ్యూకి అమెరికా రావాలి. వేశాక వచ్చే రసీదు కార్డు గడువుని 48 నెలలు పెంచుతుంది, పాత కార్డుతోపాటు అసలు రసీదు దగ్గరుంచుకోవాలి. రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నా, ఈ దరఖాస్తు వేయాల్సిన తేదీని దాటి అది చెల్లదు. ఒకరు అమెరికాలో, ఒకరు ఇండియాలో ఉంటే, కలిసి సంసారం చేస్తున్నామని చూపే ఉమ్మడి ఖాతాలు, బీమా, ప్రయాణాల టికెట్లు అప్పటికప్పుడు పోగేయడం కష్టం. మొదటినుంచీ ఒక ఫైలు పెట్టండి.

ఇక పౌరసత్వం లెక్క. రీఎంట్రీ పర్మిట్ ఇక్కడ ఏమాత్రం పనికిరాదు. మామూలుగా అయిదేళ్లు, పౌరుడైన జీవితభాగస్వామితో కలిసి ఉంటే మూడేళ్లు నిరంతర నివాసం కావాలి. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగినట్టు అనుకుంటారు, కాదని రుజువు చేయాల్సింది మీరే. ఏడాది అయితే ఖాయంగా తెగుతుంది. తెగితే, అయిదేళ్ల లెక్కలో ఉన్నవాళ్లు తిరిగొచ్చిన నాలుగేళ్ల ఒక రోజుకి దరఖాస్తు పెట్టొచ్చు. అప్పటికీ వెనక్కి చూసే అయిదేళ్లలో ఆ ప్రయాణం చివరి భాగం ఏడాదికి కాస్త తక్కువగా కనిపిస్తూనే ఉంటుంది, దానికి మళ్లీ సంజాయిషీ చెప్పుకోవాలి. నాలుగున్నరేళ్లు ఆగితే ఆ గొడవ ఉండదు. ఇది కాక అయిదేళ్లలో 30 నెలలు ఒంటితో అక్కడ ఉండాలి. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ అక్కడ ఉన్నట్టే లెక్క. అమెరికన్ కంపెనీ తరఫునే బయట పనిచేస్తున్నవాళ్లకి, నివాసం తెగకుండా కాపాడే ఎన్-470 దరఖాస్తు ఉంది: అంతకుముందు ఏడాదిపాటు ఒక్కరోజూ బయటికి వెళ్లకుండా అక్కడే ఉండాలి, బయట ఏడాది నిండకముందే వేయాలి. హైదరాబాద్‌లోని భారతీయ అనుబంధ సంస్థ పేరోల్‌లోకి మారితే అర్హత ఉందో లేదో ముందే లాయర్‌తో తేల్చుకోండి. ఎన్-470 ఉన్నా రీఎంట్రీ పర్మిట్ విడిగా కావాలి.

పన్ను లెక్క అన్నిటికన్నా మొండిది. కార్డు ఉన్నంతకాలం ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి ఫారం 1040 వేయాలి. బయట ఉన్నవాళ్లకి జూన్ 15 దాకా గడువు తనంతట తానే వస్తుంది, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ మాత్రం ఏప్రిల్ నుంచే. ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116తో తగ్గింపు తెచ్చుకోవచ్చు. జీతగాళ్లకి చాలావరకు ఇదే సరిపోతుంది. డబ్బు మిగులుతుందని నివాసి కానివాళ్లు వేసే 1040-ఎన్ఆర్ వేయడమో, రెండు దేశాల పన్ను ఒప్పందం కింద ఇండియా నివాసినని చెప్పుకోవడమో మాత్రం చేయకండి. నేను అమెరికాలో నివాసిని కాదని మీరే రాసిచ్చినట్టవుతుంది, అది ఇమిగ్రేషన్ ఫైలులో మీకే ఎదురు నిలుస్తుంది.

ఖాతాల సంగతి చూస్తే, ఏడాదిలో ఏ రోజైనా ఇండియా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ వేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అమ్మతో జాయింటుగా ఉన్న ఖాతా కూడా ఇందులోకే వస్తాయి, డబ్బు ఆమెదే అయినా సరే. విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో తెరిచే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. ఇండియాలో ఉద్యోగానికో స్థిరపడటానికో వచ్చేస్తే ఆ ఖాతానే రెసిడెంట్ ఖాతాగా మార్చమని బ్యాంకుకి చెప్పాలి. భారతీయ మ్యూచువల్ ఫండ్లు అమెరికా పన్ను దృష్టిలో పీఎఫ్ఐసీలు, అంటే ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీలు; ఒక్కో ఫండుకి ఫారం 8621 విడిగా రావచ్చు. నెలకి అయిదువేల ఎస్ఐపీలు ఆరు పెట్టుకుంటే లాభంకన్నా అకౌంటెంట్ ఫీజే ఎక్కువవుతుంది. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉంటే ఇండియా ఫండ్ల జోలికి పోకపోవడమే మేలు.

కార్డు గడువు తీరిపోయి, అల్మరాలో పడేస్తే అంతటితో సరి అనుకునేవాళ్లున్నారు. గడువు తీరినా పన్ను బాధ్యత తీరదు. అది ఆగాలంటే ఐ-407 పంపి హోదా వదులుకోవాలి. పిల్లల దగ్గరికి ఏటా రెండు మూడు నెలలే వచ్చే అమ్మానాన్నలకి అసలు గ్రీన్‌కార్డుకన్నా పదేళ్ల బీ-2 సందర్శక వీసా హాయి, వచ్చినప్పుడల్లా ఎందుకింత ఆలస్యమయ్యారని ఎవరూ అడగరు. వదులుకోవాలనుకుంటే మాత్రం తీరిగ్గా, ఇంట్లో కూర్చుని, పంపిన కాగితాల నకలు, రసీదు దాచుకుని చేయండి, అప్పుడు సందర్శక వీసాకి వెళ్లినప్పుడు చూపడానికి ఉంటుంది. అంతకుముందు ఏళ్లు లెక్కపెట్టుకోవాలి. గత 15 పన్ను సంవత్సరాల్లో ఎనిమిదింటిలో కార్డు ఉంటే దీర్ఘకాలిక నివాసి కింద ఫారం 8854 వేయాలి, ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, గత అయిదేళ్ల రిటర్న్‌లు సక్రమంగా లేకపోయినా నిష్క్రమణ పన్ను వచ్చి పడొచ్చు. ఆ ఎనిమిదిలో డిసెంబరు 31న వచ్చిన కార్డుకి ఆ ఒక్క రోజూ పూర్తి సంవత్సరమే.