బంతిలో నేర్చుకున్న రాజ్యం

మన బోర్డింగ్ పాత విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఆటల గురించి, సార్ల గురించి, పదో తరగతి పరీక్షల టెన్షన్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు మాత్రం డోర్నకల్ బోర్డింగ్, అంటే మేం ఉండి చదువుకున్న క్రైస్తవ హాస్టల్, అనగానే యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థనలోని ఒక్క మాటే గుర్తొస్తుంది: "నీ రాజ్యము వచ్చుగాక." పొద్దున, రాత్రి ఆ మాట పలికేవాళ్లం. దాని వెనకే "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక" అని వస్తుంది. భూమియందును అన్న మాట దగ్గర మా వార్డెన్ అయ్యగారు కావాలనే ఒక క్షణం ఆగేవారు. దేవుని రాజ్యం అంటే చచ్చిపోయాక వెళ్లే చోటు అని చాలామంది విశ్వాసులు ఇప్పటికీ అనుకుంటారు. అయ్యగారు మాకు దాన్ని వంటశాలలో, స్టోర్ రూంలో, నీళ్ల తొట్టి దగ్గర చూపించారు.

డోర్నకల్ చరిత్ర తెలియని మన పిల్లల కోసం కొంచెం చెప్పాలి. కాజీపేట, విజయవాడ మధ్య జంక్షన్ అది. భద్రాచలం రోడ్ లైన్ అక్కడే విడిపోతుంది. నిజాం రాజ్యంలోని ఆ చిన్న ఊరికి పేరు తెచ్చింది వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన తిరునెల్వేలి వైపు తమిళుడు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన సంఘంలో, బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందే నిలబడి, మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి. సాయం చేసేవాడు ఒక మెట్టు పైన, తీసుకునేవాడు ఒక మెట్టు కింద ఉండిపోతే అది దేవుని రాజ్యం కాదని ఆ మాటల్లో నాకు వినిపిస్తుంది.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన మన కెథడ్రల్‌ను చూసినా అదే మాట. గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని గుర్తు చేస్తాయి. ఇంగ్లండు నుంచి నమూనా తెచ్చుకోకుండా ఈ నేల మీది పనితనంతోనే కట్టుకున్నారు. కానీ బిషప్ గారు ఎక్కువ కష్టపడింది ఆ కట్టడం కోసం కాదు, పల్లెల కోసం. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని ఊరూరా తిరిగి చెప్పేవారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని వాళ్ల నోటితోనే పలికించేవారు. మైకులు, పోస్టర్లు లేని ఆ కాలంలో సువార్త ప్రకటించడమంటే చాలావరకు బతికి చూపించడమే. మాల, మాదిగ వాడల్లో వచ్చిన మార్పు చూసి ఊళ్లోని ఇతర కులాలవాళ్లు కూడా సంఘంలో చేరారు. చదువు లేని కూలివాళ్ల బతుకును చూసి భూమి ఉన్నవాళ్లు దేవుణ్ణి వెతుక్కుంటూ రావడం మామూలు విషయం కాదు. 1945 జనవరి 1న బిషప్ గారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు. నేను చదివే నాటికి ఆయన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరు ఉండేవాళ్లు.

ఇక బోర్డింగ్ సంగతి. మా ఊళ్లో హోటల్ దగ్గర మా వాడవాళ్లకు వేరే గ్లాసు ఉండేది. చూరు కింద గూట్లో పెట్టేవాళ్లు. తాగి, మనమే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. మా నాయన ఆ గ్లాసు పట్టుకున్న తీరు నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది, రెండు వేళ్లతో అంచు పట్టుకునేవాడు. అలాంటి చోటి నుంచి వచ్చిన నన్ను మొదటి రోజు బంతిలో, అంటే భోజనాల వరసలో, ఒక మోతుబరి ఇంటి పిల్లవాడి పక్కన కూర్చోబెట్టారు. నేను కొంచెం జరిగి కూర్చున్నాను. అయ్యగారు వచ్చి, ఏమీ అనకుండా, మా ఇద్దరి మధ్య ఉన్న ఆ జానెడు సందు పోయేదాకా నన్ను మెల్లగా పక్కకు నెట్టారు. తర్వాత మా కంచాల్లో పప్పు ఆయనే వడ్డించారు.

బంతికి ఒక పద్ధతి ఉండేది. చిన్న తరగతుల పిల్లలు ముందు తినాలి, పెద్ద తరగతులవాళ్లు వడ్డించాలి. అయ్యగారు, అమ్మగారు అందరి తర్వాత. బగోణెలు కడిగే వంతు అందరికీ వచ్చేది, తండ్రి పాస్టరైనా పటేలైనా సరే. అడుగంటిన అన్నం బూడిదతో, కొబ్బరి పీచుతో తోమితే గానీ వదిలేది కాదు. ఒకసారి ఒక పెద్ద ఇంటి తండ్రి వచ్చి, మా వాడితో అంట్లు తోమిస్తారా అని అడిగాడు. అయ్యగారు ఆయన్ని కూర్చోబెట్టి, యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన అధ్యాయం తీసి చదవమని ఇచ్చారు. ఆ పిల్లవాడు బోర్డింగ్‌లోనే ఉన్నాడు, అంట్లు తోముతూనే ఉన్నాడు. తర్వాత ఊరు మెచ్చే డాక్టరయ్యాడు.

మేం తిన్న ఆ అన్నం ఎక్కడిదో కూడా చెప్పాలి. మన పల్లెల్లో విశ్వాసుల ఇళ్లలో అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరుతుంది. పనిలేని ఎండాకాలం కూడా మా అమ్మ ఆ పిడికెడు తగ్గించేది కాదు, తన కంచంలోనే తగ్గించుకునేది. అలా వచ్చిన బియ్యంలో కొంత మా బోర్డింగ్‌కు చేరేది. దొడ్డువి, సన్నవి, పాతవి, కొత్తవి అన్నీ కలిసిన బియ్యం, ఒక్కలా ఉడికేవి కావు. ఎవరైనా అన్నం బాగాలేదంటే అమ్మగారు ఒక్క మాటే అనేవారు: "ఇందులో మీ అమ్మ పిడికెడు కూడా ఉంది నాయనా."

స్టోర్ రూంలో ఆ బియ్యం కొలిచే పని కొన్నాళ్లు నాకిచ్చారు. మానిక, అంటే కొలిచే పాత్ర, నింపాక పైన గీసి సమం చేయాలి. వంటవాళ్లకు కొలిచేటప్పుడు నొక్కకూడదు, తీసుకునేటప్పుడు కుదపకూడదు. సామెతల గ్రంథంలోని "దొంగ త్రాసు యెహోవాకు హేయము" అన్న వాక్యం తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉండేది. అది నా జీవితాంతం పనికొస్తుందని అప్పుడు తెలియదు.

ఇప్పుడు నేను మిర్చి యార్డులో దడ్వాయిని, అంటే సరుకు తూకం వేసి చీటీ రాసేవాణ్ణి. సీజన్‌లో తెల్లవారకముందే బస్తాలు దిగుతాయి. కాంటా మీద బస్తా పడగానే అంకె వెలుగుతుంది, నేను చీటీ రాస్తాను. తేమ అని, తాలు అని, గోనె బరువు అని రకరకాల తరుగులు ఉంటాయి. వాటిలో న్యాయమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. కొనేవాళ్ల మనుషులు పక్కన నిలబడి, పై గ్రాములు వదిలెయ్, రౌండ్ చెయ్ అంటారు. వినడానికి చిన్న మాటే. క్వింటా పదిహేను వేలున్న రోజున అరకిలో అంటే 75 రూపాయలు. నలభై బస్తాల మీద 3,000. ఏజెన్సీ వైపు నుంచి రాత్రంతా ట్రాలీలో కూర్చొని వచ్చిన కౌలు రైతుకు అది ఎరువుల షాపు అప్పు మీది వడ్డీ, లేదా కాయ ఏరిన ఆడకూలీలకు ఇవ్వాల్సిన డబ్బు. అందుకే కాంటా ఏం చూపిస్తే అదే రాస్తాను. దానివల్ల ఒక సీజన్ నాకు పని బాగా తగ్గింది. ఎక్కువ సరుకు వచ్చే చోట నన్ను నిలబెట్టడం మానేశారు. ఇంట్లో ఇబ్బంది పడ్డాం.

అప్పుడు నా పక్షాన ముందుగా నిలబడింది క్రైస్తవులు కాదు. నాతో పాటు ఏళ్లుగా పనిచేసే ఒక ముస్లిం హమాలీ వచ్చి, "పైన ఖుదా చూస్తుండు అన్నా, నువ్వు రాసేది రాయి" అన్నాడు. తర్వాత తక్కిన హమాలీలు కూడా ఈయన రాసిన చీటీ మీదే మోస్తామన్నారు. దేవుని రాజ్యం మన మందిరం ప్రహరీ గోడ దగ్గర ఆగిపోదని నాకు యార్డులోనే బాగా అర్థమైంది. నీతి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆయన పని జరుగుతున్నట్టే. "దేవుని రాజ్యము భోజనమును పానమును కాదు గాని, నీతియు సమాధానమును పరిశుద్ధాత్మయందలి ఆనందమునై యున్నది" అని పౌలు రోమీయులకు రాశాడు. మనం మాత్రం మూడోదైన ఆనందం నుంచే మొదలుపెడుతున్నాం. సౌండ్ బాక్సులు పెట్టి గట్టిగా స్తుతిస్తున్నాం. ముందు రాసిన రెండింటి సంగతి కూడా చూడాలి కదా.

సమాధానం, అంటే ఒకరితో ఒకరు శాంతిగా ఉండడం, గురించి బోర్డింగ్‌లో కఠినంగా ఉండేవారు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఎవరికి ఎవరితో మాటల్లేవో వాళ్లు వెళ్లి కలుసుకోవాలి. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు నీ సహోదరునితో సమాధానపడు అని ప్రభువు చెప్పిన మాటను అయ్యగారు అక్షరాలా పట్టుకున్నారు. రేకు పెట్టె తాళం పగలగొట్టాడని ఒకడితో నెలరోజులు మాట్లాడని పిల్లవాడిని నేనెరుగుదును. చివరికి ఆ శనివారం చీకటి పడ్డాక ఇద్దరూ ఒకే బకెట్‌తో నీళ్లు తోడుతూ కనిపించారు. ఈ రోజు సంఘ ఆస్తుల మీద కోర్టు కేసులు నడుపుతూ, ఎదురెదురు వర్గాలుగా కూర్చొని, అదే బల్ల తీసుకుంటున్నవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఒకే ప్రభువు బల్ల దగ్గరకొచ్చే మాల, మాదిగ ఇళ్ల మధ్య పెళ్లి సంబంధం అనేసరికి మాట మారుస్తున్నాం. కట్నం దగ్గర మనకూ లోకానికీ తేడా కనిపించడం లేదు. నీ రాజ్యము వచ్చుగాక అని ప్రార్థన చేసి లేచిన మోకాళ్లతోనే ఇవన్నీ చేస్తున్నాం. ఇది నేను ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు, మనవాళ్లే కాబట్టి బాధతో రాస్తున్నాను.

చివరగా కమిటీకి ఒక మనవి. గత సమావేశంలో వేదిక మీదివాళ్లకు షామియానా వెనక వేరే భోజనాలు పెట్టారు. ఈసారి వద్దు. కలెక్టరాఫీసులో పనిచేసేవాళ్లు, అమెరికా నుంచి వచ్చేవాళ్లు, హమాలీ పని చేసుకునేవాళ్లు అందరూ ఒకే బంతిలో కూర్చుందాం. పిల్లలతో వచ్చినవాళ్లకు ముందు వడ్డిద్దాం. వడ్డించేందుకు, తర్వాత బగోణెలు కడిగేందుకు మా బ్యాచ్ వాళ్లం సిద్ధంగా ఉన్నాం. బియ్యం కూడా తలా కొంచెం ఇళ్ల నుంచే తెస్తాం. ఎవరెవరు తెస్తున్నారో ముందే చెబితే ఎంత వండాలో స్టోర్‌లో కూర్చొని నేను కొలిచి పెడతాను.